పారాణి తాడు

మా తెలుగు సంఘం వాళ్ళు వార్షికోత్సవ సంచిక వేస్తున్నారట. పాత అధ్యక్షుల ఫొటోలు, ఒక్కొక్కరి గురించి పది వాక్యాలు కావాలని, ఎనభైల్లో కార్యదర్శిగా వెలగబెట్టినవాణ్ణి కనక నాకు ఫోన్ చేశారు. అప్పటి మా సంఘంలోని ఒకావిడ పోయిన నెల పోయిందన్న కబురు అప్పటికే నాకు తెలుసు. ఆవిడ గురించి రాస్తానన్నాను. సంపాదకుడుగారు ఈ దేశంలోనే, మా పక్క ఊరు చాండ్లర్‌లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు వెతికి, ఆ ఆంటీ ఏ ఇయర్ ప్రెసిడెంటో లిస్ట్‌లో కనపడటం లేదన్నారు. ఏ ఇయరూ కాదన్నాను. అయితే ఏ కేటగిరీలో పెట్టాలని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. కేటగిరీలు మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి, పది వాక్యాల లెక్క కూడా పక్కన పెట్టి, నా ఇష్టం వచ్చినంత రాస్తున్నాను. వేస్తే వేసుకుంటారు, లేకపోతే లేదు.

ఆవిడ అయిదడుగులు కూడా ఉండేది కాదు. నేత చీర, కాళ్ళకి తెల్లటి టెన్నిస్ బూట్లు, భుజాన జోలె లాంటి సంచి. ఓడంత స్టేషన్ వ్యాగన్ ఒకటి ఉండేది వాళ్ళకి. సీటు మీద రెండు దిళ్ళు వేసుకుని ఆవిడ నడుపుతుంటే, ఎదురుగా వచ్చేవాళ్ళకి స్టీరింగు, దాని మీద రెండు చేతులు తప్ప మనిషి కనపడేది కాదు. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో పదకొండేళ్ళు ప్రాచీన చరిత్ర పాఠం చెప్పి వచ్చింది. ఇక్కడ ఆ డిగ్రీని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. భర్త కంప్యూటర్ చిప్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో నాతోపాటే ఇంజనీరు. ఆయన నోరు విప్పగా నేను ఏడాదికి రెండుసార్లు విని ఉంటానేమో.

ఏ మాటకైనా "మన ఏథెన్స్‌లో" అని మొదలుపెట్టేది. అదేదో తెనాలి దాటాక వచ్చే స్టేషనన్నట్టు. పిల్లలు కారులో ముందు సీటు కోసం కొట్టుకుంటే సంచిలోంచి గుప్పెడు గింజలు తీసేది. అన్నీ తెల్ల శనగలు, ఒక్కటి ఎర్ర రాజ్మా. కళ్ళు మూసుకుని తియ్యమనేది. ఎర్రది వచ్చినవాడిది సీటు. మన ఏథెన్స్‌లో పదవులే ఇలా పంచేవాళ్ళర్రా, అందుకని ఓడినవాడికి ఎవరి మీదా కోపం ఉండేది కాదు అని చెప్పేది. మా అబ్బాయి చాలా కాలం ఏథెన్స్ అంటే ఆంటీ వాళ్ళ అమ్మమ్మగారి ఊరనుకున్నాడు.

పెరుగు డబ్బా సంగతి చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పినట్టు కాదు. ఖాళీ ప్లాస్టిక్ పెరుగు డబ్బాకి అడుగున పిన్నీసుతో చిల్లు పొడిచి సంచిలో పెట్టుకు తిరిగేది. భోజనాల దగ్గర ఎవరైనా ఉపన్యాసం అందుకున్నారా, ఆ డబ్బాలో నీళ్ళు పోసి, కింద గిన్నె పెట్టి, ఆయన ఎదురుగా బల్ల మీద ఉంచేది. నీళ్ళు కారిపోగానే "అయిపోయిందండీ" అనేది. ఏథెన్స్ కోర్టుల్లో ఎంతటివాడికైనా అంతేనట. మా అధ్యక్షుడుగారు పేరున్న డాక్టరు, డబ్బున్నవాళ్ళుండే స్కాట్స్‌డేల్‌లో ఇల్లు. ఒకసారి మా ఇంట్లో ఆయన కొత్తగా కొన్న స్థలం గురించి చెబుతూ సగంలో ఉండగా నీళ్ళు అయిపోయాయి. ఆయన మొహం చూడాలి. ఆ స్థలం ఎక్కడుందో మాకు ఇవాళ్టికీ తెలియదు.

అలాగని ఆవిడది గుడ్డి భక్తి కాదు. ఆ ఏథెన్స్ సభలో ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళా అని మా ఆవిడ ఒకసారి అడిగితే, చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. లేదమ్మా అంది. ఆడవాళ్ళు లేరు, బానిసలు లేరు, బయటి ఊళ్ళనించి వచ్చి స్థిరపడినవాళ్ళూ లేరు. వాళ్ళు పన్ను కట్టాలి, యుద్ధం వస్తే కత్తి పట్టాలి, చెయ్యెత్తడానికి మాత్రం వీల్లేదు. అంత గొప్ప ఊరికీ అంత బుద్ధి లేకపోయింది అని, సొంత అన్నయ్య చేసిన వెధవ పని చెప్పుకున్నట్టు బాధపడింది. నాకు నవ్వొచ్చింది. ఎప్పుడో పోయిన ఊరి మీద ఇప్పుడెందుకండీ కోపం అన్నాను. పోలేదండీ, గ్రీన్ కార్డు పెట్టుకున్న మనమంతా ఆ బయటివాళ్ళమే అంది.

చట్టం ఒప్పుకున్న మొదటి నెలలోనే ఆవిడ ఈ దేశం పౌరసత్వం తీసేసుకుంది. అప్పట్లో మేమంతా మన పాస్‌పోర్టు వదులుకోవడం పాపమన్నట్టు మాట్లాడేవాళ్ళం. ఆవిడ లెక్క చెయ్యలేదు. ఎక్కడ ఉంటామో అక్కడ చెయ్యెత్తాలనేది. మొట్టమొదట వేసింది స్కూల్ బోర్డు ఎన్నికలో ఓటు. ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగి సున్నుండలు పంచింది. ఎవరు గెలిచారని అడిగితే, నేను వేసినవాడు ఓడిపోయాడండీ అని ఇంకో ఉండ చేతిలో పెట్టింది.

ఇక మా సంఘం. అప్పటికి అరవై కుటుంబాలు. ఫ్యామిలీ మెంబర్‌షిప్ అని పేరు. ఇంటికొక కార్డు, కార్డు మీద మగవాడి పేరు, ఆ పేరుకి ఒక ఓటు. కింద 'కుటుంబ సభ్యులు: నలుగురు' అని ఒక అంకె, పులిహోరకి బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియడానికి. జనరల్ బాడీ మీటింగంటే మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళు వంటింట్లో. ఇది ఎవరూ పనిగట్టుకుని చేసిన అన్యాయం కాదు. రాసుకున్న రోజున ఎవరికీ ఇంకోలా తట్టలేదు, అంతే. కార్డులన్నీ నా దగ్గర ఒక రేకు పెట్టెలో ఉండేవి.

పక్కనే మెసా ఊళ్ళో ఒక తెలుగు నర్సు ఉండేది. ఇద్దరు ఆడపిల్లలు. భర్త కారు ప్రమాదంలో పోయాడు. అందరం వెళ్ళాం, ఏడ్చాం, రెండు వారాలు వంతులు వేసుకుని అన్నం పట్టుకెళ్ళాం. అంతవరకు బాగానే ఉంది. కొత్త సంవత్సరానికి సభ్యత్వం కార్డులు సరిచూసేటప్పుడు నేను ఆ కార్డు మీద 'సభ్యుడు మరణించారు' అని రాసి, అడ్డంగా గీత కొట్టి, పాత కార్డుల కట్టలో పడేశాను. ఉగాది ఆహ్వానాలు కార్డులు చూసి పోస్ట్ చేశాం. ఆ ఇంటికి వెళ్ళలేదు.

ఆ నర్సు నాకు ఫోన్ చేసింది. పిల్లలు ఉగాది ప్రోగ్రామ్‌కి డాన్స్ ప్రాక్టీస్ చేస్తున్నారు అన్నయ్యగారూ, ఇన్విటేషన్ రాలేదు, అడ్రసేమైనా తప్పు పడిందా అని అడిగింది. నా గొంతులో ఉన్న మర్యాదంతా బయటికి తీసి వివరించాను. మెంబర్‌షిప్ ఆయన పేరున ఉండేదనీ, సంఘం నియమావళి, అదే బైలాస్ ప్రకారం ఇప్పుడు లేదనీ, ఎవరి గెస్ట్‌గానైనా తప్పకుండా రావచ్చనీ. సరేనండీ అని పెట్టేసింది. ఎంత సున్నితంగా చెప్పానో అనుకుంటూ నేను భోజనానికి కూర్చున్నాను. ఆ ముద్ద ఎలా దిగిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు, నర్సు చెప్పగా విని, మా ఏథెన్స్ ఆవిడ ఇంటికొచ్చింది. బూట్లు కూడా విప్పలేదు. ఆ కార్డు చూపించమంది. తెచ్చి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయింది ఆయనొక్కడే. మీరు నలుగురినీ కొట్టేశారు" అంది.

రూలు అలా ఉందండీ, నేనేం చెయ్యను అన్నాను. రూలు ఆకాశంలోంచి ఊడిపడిందా, మీరేగా టైపు చేసింది అంది. తర్వాత నిదానంగా ఇంకో మాటంది.

"గవర్నర్‌ని ఎన్నుకోవడానికి నాకు ఓటుంది సెక్రటరీ గారూ. ఉగాది పులిహోర ఎవరు కలపాలో తేల్చడానికి మీ సంఘంలో ఓటు లేదు. రేపు మా ఆయనకేమన్నా అయితే, నేను బతికున్నానో లేదో కూడా మీ పెట్టెకి తెలియదు."

బైలాస్ అడిగి తీసుకుని, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివింది. రూలు మార్చాలంటే సభ్యుల్లో సగం మంది హాల్లో ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, ప్రతిపాదన సభ్యుడే పెట్టాలి. పెద్దవాళ్ళందరికీ, ఆడా మగా, ఎవరి పేరున వాళ్ళకి సభ్యత్వం ఉండాలని అక్కడికక్కడే రాసేసింది. కింద సంతకం రేపు మా ఆయన పెడతారంది. మా ఆవిడ ఆవిడకి రెండో కాఫీ కూడా ఇచ్చింది. నాకు మొదటిది కూడా ఇవ్వలేదు.

ఈ కబురు అధ్యక్షుడుగారికి చేరింది. ఆయన మంచి తెలివైనవాడు. మగవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పింది ఇదీ: వ్యతిరేకంగా చెయ్యెత్తి ఇంట్లో గొడవలు తెచ్చుకోవడం దేనికి, హాల్లోకి రాకుండా ఉంటే చాలు, కోరం ఉండదు, దానంతటదే పోతుంది. ఎవరికీ చెడ్డ కానక్కర్లేదు. మా వాళ్ళకి ఇది ఎంత నచ్చిందో చెప్పలేను. పెళ్ళాం మాట కాదనలేరు, అవుననడం అంతకన్నా చాతకాదు. ఇక పార్కింగ్ లాట్ కన్నా సుఖమైన చోటు వాళ్ళకెక్కడ దొరుకుతుంది?

ఉగాది వేడుక ఒక స్కూలు కాఫెటీరియాలో పెట్టుకున్నాం. పొద్దున పదకొండింటికే ఎండ చురుక్కుమంటోంది. రిజిస్టరు ముందు పెట్టుకుని నేను బల్ల దగ్గర కూర్చున్నాను. లెక్కపెడితే పదిహేడుమంది. ముప్పై కావాలి. అద్దాల తలుపులోంచి చూస్తే మిగతావాళ్ళంతా తళతళలాడే తెల్ల లాల్చీలతో కార్ల మధ్య నిలబడి వీసాలు, ఇళ్ళ లోన్లు, కొత్త కెమెరాల గురించి మాట్లాడుకుంటున్నారు. వంటింట్లోంచి ఆవిడ వచ్చింది. కోరం లేదు వదినగారూ అన్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల హాయిగానే ఉంది.

ఆవిడకి కోపం రాలేదు. బయటే కబుర్లు చెప్పుకుంటున్నారా, మన ఏథెన్స్‌లోనూ ఇదే రోగమండీ అంది. సభ రోజున జనం బజార్లోనే తచ్చాడుతుంటే, ఎర్రరంగులో ముంచిన తాడు ఒకటి తెచ్చి, ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు పట్టుకుని, బజారు ఆ కొసనించి అందరినీ సభ వైపు తోసుకొచ్చేవారట. బట్టల మీద ఎర్ర మరక పడ్డవాడికి జరిమానా. ఏదో పాఠం చెబుతోంది కాబోలని నేను తల ఊపాను. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఊళ్ళో ఎవరి పెళ్ళికైనా, సీమంతానికైనా పారాణి కలిపేది ఆవిడే. మెక్సికన్ కొట్లో మొక్కజొన్నలు నానబెట్టడానికి అమ్మే సున్నం తెచ్చి, పసుపులో కలిపితే ఎర్రగా తిరిగేది. ఆ పొద్దున బకెట్ నిండా కలిపి తెచ్చింది. బట్టలారేసుకునే తాడు ఒకటి, అరవై అడుగులు ఉంటుంది, అందులో నానుతోంది. అంటే ఆవిడకి మా సంగతి ముందే తెలుసన్నమాట.

వంటింటి పక్క తలుపులోంచి బయటికొచ్చారు. ఒక చివర ఆవిడ. రెండో చివర పట్టుకున్నది ఆ నర్సు. సభ్యురాలు కానిదాన్ని మీటింగుకి రానివ్వకూడదని రూలుంది గాని, వంటింట్లోకి రాకూడదని లేదుగా, పొద్దున్నే వచ్చి గారెలు వేస్తోంది. వెనకాల ముప్పై మంది ఆడవాళ్ళు కొంగులు దోపుకుని నడిచారు. పార్కింగ్ లాట్ అవతలి కొసకి వెళ్ళి, తాడు నడుమెత్తున బిగలాగి, ఇటు తిరిగారు. ఎర్రటి నీళ్ళు బొట్లు బొట్లుగా తారు మీద పడుతున్నాయి.

మా మగవాళ్ళకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కొక్కరే వెనక్కి అడుగులు వేశారు. ఎవరికివాళ్ళకి కొత్త లాల్చీ మీద ప్రేమ. తాడు కింద నించి దూరబోయిన ఒకాయనకి వీపు మీద బారెడు చార పడింది. ఇంకో ఇద్దరు కార్లలో కూర్చోబోయారు గాని తాళంచెవులు ఇంటావిడల హ్యాండ్‌బ్యాగుల్లో ఉన్నాయి. అధ్యక్షుడుగారు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు. ఏమిటమ్మా ఈ పశువుల్ని తోలినట్టు, పద్ధతేనా, ఎవరిచ్చారు మీకీ అధికారం అన్నారు. ఆవిడ ఆగింది.

"ఏథెన్స్‌లో కూడా ఈ తాడు పట్టుకున్నవాళ్ళకి ఓటు లేదండీ, బానిసలు. అందుకే మేం పట్టుకున్నాం" అంది.

ఆయన పక్కకి జరగలేదు. తాడు ముందుకే వచ్చింది. పట్టు లాల్చీకి పొట్ట మీదుగా ఈ చివరినించి ఆ చివరికి ఎర్ర చార. ఆయన తిరిగి గబగబా హాల్లోకి నడిచారు, మిగతావాళ్ళు వెనకాలే. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టాను. లోపలున్న పదిహేడుమందితో కలిపి నలభై ఆరు. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు లెక్క తప్పాను.

ఆవిడ భర్త లేచి, ప్రతిపాదన చదివి, నా సమయం మా ఆవిడకి ఇస్తున్నానన్నారు. ఆ ఏడాదికి అదే ఆయన రెండో మాటనుకుంటాను. సభ్యులు కానివాళ్ళు ఎలా మాట్లాడతారని అధ్యక్షుడుగారు నావైపు చూశారు. అందరూ నావైపే చూశారు. బైలాస్ నా ముందే ఉంది. పేజీలు తిరగేశాను. సభ్యుడు తన సమయం ఇంకొకరికి ఇవ్వకూడదని ఎక్కడా లేదండీ అన్నాను. ఆ సంఘంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆవిడ పెరుగు డబ్బా తీసి బల్ల మీద పెట్టి నీళ్ళు పోసింది. పెద్ద ప్రసంగం వస్తుందనుకున్నాం. ఆవిడ మా ఇంటినించి పట్టుకెళ్ళిన ఆ నర్సు ఇంటి కార్డు నా చేతిలో పెట్టి చదవమంది. లేచి చదివాను. ఆయన పేరు, ఇంటి చిరునామా, కుటుంబ సభ్యులు నలుగురు, సభ్యుడు మరణించారు.

"మిగిలిన ముగ్గురూ ఎక్కడికి పోయారో సెక్రటరీ గారు చెప్పాలి" అని ఆవిడ కూర్చుంది.

డబ్బాలో నీళ్ళు ఇంకా సగం పైనే ఉన్నాయి. అవి ఆఖరి బొట్టుదాకా కారాయి. కార్డు ఇంకా నా చేతిలోనే ఉంది. వంటింటి గుమ్మంలో ఆ నర్సు చేతులకి పారాణితో నిలబడి ఉంది. నేను తలెత్తి అటు చూడలేకపోయాను.

చేతులెత్తమని అధ్యక్షుడుగారు అనబోతే ఆవిడే వద్దంది. ఇంటావిడలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, భయపడి వేసే ఓటు మాకక్కర్లేదంది. ఒక్కొక్కరికీ ఒక రాజ్మా గింజ, ఒక తెల్ల శనగ ఇచ్చింది. అవునంటే ఎర్రది, కాదంటే తెల్లది గుడ్డ కప్పిన బిందెలో వెయ్యాలి. మిగిలింది రెండో బిందెలో వేసెయ్యండి, జేబులో ఉంచుకుంటే బట్టలుతికేటప్పుడు దొరికిపోతారని హెచ్చరించింది. హాలంతా నవ్వింది, అధ్యక్షుడుగారు కూడా. గుప్పిట మూసి నేనూ వెళ్ళి వేశాను. ఎర్రదే.

బిందె బోర్లించి లెక్కపెట్టాను. మూడింట రెండొంతులంటే ముప్పై ఒకటి కావాలి. ఎర్రవి ముప్పై నాలుగు. నేను అంకె చెప్పేలోగానే ఆడవాళ్ళు నా మొహం చూసి గ్రహించేశారు. వంటింట్లో గరిటెలూ మూతలూ మోగిన మోత నా చెవుల్లో ఇంకా ఉంది. అదే ఊపులో ఆవిడ జరిమానా కూడా ప్రకటించింది: లాల్చీ మీద ఎర్ర మరక ఉన్నవాళ్ళంతా ఇవాళ గిన్నెలు కడగాలి. అందరికన్నా పెద్ద మరక ఎవరిదో మీకు తెలుసు. ఆయన చేతులు పైకి మడుచుకుని, పులిహోర గుండిగ దగ్గర కూర్చున్నారు. ఆ మాటకొస్తే బాగానే తోమారు.

భోజనాలయ్యాక కొత్త రిజిస్టరు తెరిచి, ఇక్కడే ఇప్పుడే పేర్లు రాసుకోండంది ఆవిడ. ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. మొదట నర్సు. పేరు చెప్పింది. రాశాను. అలవాటు చొప్పున భర్త పేరు అని అడిగి నాలిక్కరుచుకున్నాను. ఆ గడి కొట్టెయ్యండి అన్నయ్యగారూ అని మెల్లగా అంది. కాగితం పైనించి కిందదాకా కొట్టేశాను. పిల్లల డాన్స్ ఎన్నింటికి అని అడిగింది. ఇదవగానే, మొట్టమొదటిది వాళ్ళదే అన్నాను. తర్వాత ఒక్కొక్కరే చెబుతుంటే రాస్తూ పోయాను. ఏళ్ళ తరబడి వాళ్ళ చేతి అన్నం తిన్నాను. సగం మంది పేర్లు ఆవేళే మొదటిసారి విన్నాను.

అందరికన్నా చివర ఆవిడ వచ్చింది. కలం పట్టుకుని ఆగిపోయాను. ఆవిడ పేరూ నాకు తెలియదు. ఏడేళ్ళుగా ఫలానావారి భార్య, వదినగారు, పిల్లలకి ఆంటీ. ఆవిడ నవ్వి, తన పేరు చెప్పింది. రాశాక రిజిస్టరు తనవైపు తిప్పుకుని, నేను సరిగ్గా రాశానన్న నమ్మకం లేనట్టు, పైనించి ఒక్కొక్క పేరూ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. మొదటి పేరు చదవగానే గుమ్మం దగ్గరనించి నర్సు, "ఉన్నాను" అంది. ఎవరూ చెప్పకుండానే రెండో ఆవిడ కూడా అలాగే అంది. మూడో ఆవిడా అంతే. మా ఆవిడ పేరు వచ్చినప్పుడు, ఇంట్లో ఎన్నడూ వినని గొంతుతో, "ఉన్నాను" అంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సబ్బు చేతులతోనే మగవాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ముప్పై ఒక్క పేర్లూ అయ్యాయి. ఆఖరి గీత మీద వేలు పెట్టి, తన పేరు తనే చదువుకుంది. హాలంతా ఎదురుచూసింది. ఆవిడ తలెత్తి, ఆ అయిదడుగులైనా లేని మనిషి, కప్పెగిరిపోయేలా అంది.

"ఉన్నాను."